ఎగ్జాస్ట్ ఫ్యాన్ డబ్బా మీది అంకెకు బహిరంగ లేఖ

'గంటకు ఇన్ని ఘనమీటర్లు' అంటూ డబ్బా మీద లావుపాటి అక్షరాల్లో కనిపించే అంకెకు,

కొట్లో అందరూ ముందు నిన్నే చూస్తారు. ధర దగ్గర దగ్గరగా ఉంటే నీలో పెద్దది ఏదో చూసి ఆ ఫ్యాన్ కొంటారు. కొత్తగా వడ్రంగి షెడ్డు పెట్టుకునే కుర్రాడు అప్పు తెచ్చిన డబ్బుతో నిన్ను నమ్ముతాడు. నా కోపమంతా అందుకే.

నువ్వు పచ్చి అబద్ధానివని అనను. ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా, గాలికి ఎదురొత్తిడి సున్నా ఉన్నచోట ఫ్యాన్‌ను తిప్పి కొలిస్తే నువ్వు వస్తావు. ఆ ముక్క మాత్రం నీ పక్కన ఎవరూ అచ్చువేయరు. మా షెడ్డుల్లో సున్నా ఎక్కడ దొరుకుతుంది? పిట్టలు రాకుండా మెష్, వాన జల్లుకు షట్టర్, పక్కింటివాళ్లు గొడవ పడతారని రెండు వంపులు తిప్పి పైకెత్తిన పైపు. గోడకు బిగించే మామూలు రెక్కల ఫ్యాన్ పుట్టించే ఒత్తిడే తక్కువ, నీటిమట్టం లెక్కలో కొద్ది మిల్లీమీటర్లు. అదంతా మెష్‌కూ వంపులకూ పోతే గాలి సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. మోటారు మోత మాత్రం తగ్గదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ముప్పై అడుగుల పొడవు, ఇరవై వెడల్పు, పన్నెండు ఎత్తు ఉన్న షెడ్డునే తీసుకో. 7,200 ఘనపుటడుగులు. గంటకు 20 సార్లు గాలి మారాలంటే నిమిషానికి 2,400 ఘనపుటడుగులు బయటికి పోవాలి. నీ భాషలో గంటకు దాదాపు 4,080 ఘనమీటర్లు. నీ మీద 4,100 అని ఉంటే లెక్క సరిపోయిందనుకుని బిగించేస్తారు. అంత గాలీ లోపలికి ఎటునుంచి రావాలో నువ్వు చెప్పవు. నిమిషానికి 400 అడుగుల వేగంతో నెమ్మదిగా రావాలన్నా ఆరు చదరపుటడుగుల తెరిపి కావాలి. రోలింగ్ షట్టర్ దించి పనిచేసే షెడ్డులో దాని కింది సందు దగ్గర అగరుబత్తి పెడితే పొగ సర్రున లోపలికి పోతుంది. షెడ్డుకు కావలసిన గాలంతా ఆ సందులోంచే దూరాలి మరి. అదే షట్టర్‌ను మూరెడు లేపితే, అప్పటిదాకా సగం వాలి కొట్టుకుంటున్న ఫ్యాన్ బయటి రేకులు ఒక్కసారిగా పూర్తిగా లేచి నిలబడతాయి. ఇది నేను కళ్లారా చూశాను. ఫ్యాన్ అదే, నువ్వూ అదే.

సీలింగ్ ఫ్యాన్ డబ్బా మీదా నీలాంటి అంకే ఉంటుంది, కాకపోతే అది నిమిషానికి లెక్క. అది లోపలి గాలినే తిప్పుతుంది, ఒక్క ఘనపుటడుగు కూడా బయటికి పంపదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లున్నారు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది వేరే ఉంది. లాగే గాలి బలం దూరం పోదు. అడుగు వెడల్పు రంధ్రానికి ఒక్క అడుగు దూరం జరిగితే చాలు, వేగం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అగ్గిపుల్లను ఊది ఆర్పొచ్చు, గాలి పీల్చి ఆర్పలేం. సాండింగ్ మెషిన్ దగ్గర లేచే సన్నటి పొట్టు, పదిహేను అడుగుల అవతల గోడకున్న ఫ్యాన్‌ను చేరేలోపే పనివాడి ముక్కులోకి పోతుంది. నువ్వు ఎంత పెద్దదానివైనా అది ఆగదు. చెక్కధూళి మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. ధూళి పుట్టినచోటికి వీలైనంత దగ్గరగా దాన్ని లాగే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లోనే రాశారు. అలా మెషిన్ మూతి దగ్గర హుడ్ పెట్టి పైపుతో లాగాలంటే ఒత్తిడి తట్టుకునే బ్లోయర్ కావాలి. అక్కడ నువ్వు ఒంటరిగా ఎందుకూ పనికిరావు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఒత్తిడి పెరిగేకొద్దీ గాలి ఎంత తగ్గుతుందో చూపే గ్రాఫ్ పారిశ్రామిక ఫ్యాన్ల క్యాటలాగుల్లో ఎలాగూ ఉంటుంది. దాన్ని నీ పక్కన డబ్బా మీద వేయమను. గ్రాఫ్‌కు చోటు లేకపోతే ఐదు మిల్లీమీటర్ల దగ్గర ఎంత, పది దగ్గర ఎంత అని రెండు అంకెలు వేసినా చాలు. అప్పటిదాకా, షెడ్డు కొలతలు పట్టుకుని నా దగ్గరికి వచ్చే ప్రతి వడ్రంగికీ కొట్లో ఆ రెండు అంకెలే అడగమని చెబుతాను. తెలియదంటే ఫ్యాన్ అక్కడే పెట్టి వచ్చేయమంటాను.

ఇట్లు,
షెడ్డులకు ఫ్యాన్లు బిగించే ఒకడు