స్పీకరు బాబాయి

ప్రతి ఇంటి చుట్టరికంలోనూ ఒక స్పీకరు బాబాయి ఉంటాడు. ఫోను చెవికి ఆనించడం ఆయనకు నామోషీ. అరచేతిలో అప్పడంలా పట్టుకుని, మూతికి జానెడు దూరంలో పెట్టి మాట్లాడతాడు. చెయ్యి లాగితే స్టీలు గ్లాసులో నిలబెడతాడు. "ఖర్చు లేని యాంప్లిఫయరురా!" అంటాడు.

ఆదివారం పొద్దున కాఫీ అవగానే డాలస్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాలు. అక్కడింకా శనివారం రాత్రి. వాడికి కనిపించేది తండ్రి గడ్డం, పైన తిరిగే ఫ్యాను.

"నాన్నా, నా మాటే నాకు తిరిగొస్తోంది."

"నాకు గంట కొట్టినట్టు వినిపిస్తోంది. లోపం మీ వైపే. రూటరు ఆపి వెయ్యి."

పాపం వాడు ఆపి వేస్తాడు. లాభం ఉండదు. ఎకో లోకంలో న్యాయం తలకిందులు మరి: బాధ పడేది ఒకడు, కారణం ఇంకొకడు. మన గొంతు మనకే తిరిగొస్తోందంటే అవతలి గదిలో చూడాలి. కొడుకు మాట బాబాయి స్పీకర్లోంచి బయటపడి, ఆ పక్కనే ఉన్న మైకులో దూరి, మళ్ళీ డాలస్ చేరుతుంది. చాలా ఫోన్లకు ఆ రెండూ అడుగునే ఉంటాయి. అంటే రెండూ గ్లాసులోనే!

పాతిక ముప్పై మిల్లీసెకన్లలో తిరిగొచ్చేస్తే మాటలోనే కలిసిపోయి మనకు తెలియదు. కానీ ఇక్కడ మాట పొట్లాలు పొట్లాలుగా సముద్రాలు దాటి వెళ్ళి రావాలి. రానూపోనూ పావు సెకను దాటుతుంది. అందుకే వాడు "నాన్నా" అన్నాక, ఎవరో తననే "నాన్నా" అని పిలిచినట్టు ఉలిక్కిపడతాడు.

దీనికి మందు ఫోనులోనే ఉంది. 1960ల్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన విద్య అది. స్పీకర్లోంచి ఏం వెళ్తోందో ఫోనుకు తెలుసు కనుక, మైకులో అదే వినబడితే తీసేస్తుంది. అయితే ఫుల్ వాల్యూములో బొంగురుపోయి, గ్లాసులో గింగిరాలు తిరిగిన గొంతును అది మాత్రం ఎలా పోల్చుకుంటుంది? పైగా పిన్ని వంటింట్లోంచి తన ఫోనుతో అదే కాల్లోకి దిగుతుంది. ఒక ఫోను స్పీకరు సంగతి ఇంకో ఫోనుకు తెలియదు. ఇక కూతే!

అప్పుడు బాబాయి గొంతు పెంచుతాడు. తిరిగొస్తున్నది కొడుకు గొంతైతే తను అరిచి ఏం లాభమో ఎవరూ అడగరు.

సంక్రాంతికి ఇయర్‌ఫోన్లు కొనిచ్చాను. చెవిలో పెట్టుకుంటే స్పీకరుకూ మైకుకూ చుట్టరికమే తెగిపోతుందని చెప్పాను. "మంచివిరా, పాడైపోతాయి" అని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

చివరికి పిన్ని ఫోను మ్యూట్ చేశాను. గ్లాసు తీసేసి, వాల్యూము సగానికి దించాను.

"నాన్నా, ఇప్పుడు చక్కగా ఉంది!" అన్నాడు కొడుకు.

బాబాయి నా వంక విజయగర్వంతో చూశాడు.

"చూశావా? చివరికి వాళ్ళ వైపే బాగుచేసుకున్నాడు."