దిమ్మ తిరిగింది

మా మామయ్యగారు విజయవాడలో ఆర్టీసీ గ్యారేజీ మెకానిక్‌గా రిటైరయ్యారు. బస్సులు తప్పించుకున్నాయి. మిక్సీలూ, ఫ్యాన్లూ దొరికిపోయాయి. ఈ ఎండాకాలం వాషింగ్ మెషీన్ వంతు వచ్చింది.

పిండేటప్పుడల్లా అది గుర్రుమని మూలుగుతోంది. కంపెనీకి ఫోన్ చేద్దామంటే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. వెనక రేకు విప్పి, బెల్టు ఊడదీసి, స్క్రూడ్రైవరు మొన డ్రమ్ము ఇరుసు దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నారు. నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని, రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పారు.

"బేరింగు పోయిందమ్మాయ్. సీలు చీలి సబ్బునీళ్లు లోపలికెళ్లాయి. గ్రీజంతా కొట్టుకుపోయింది."

ఇంతవరకూ వంక పెట్టడానికేమీ లేదు. ఆటోనగర్ వెళ్లి 6205, 6206 నంబర్ల బేరింగులూ, కొత్త సీలూ పట్టుకొచ్చారు. కొన్ని మోడళ్లలో టబ్బును అతికించేసి ఉంచుతారు, బేరింగు పోతే టబ్బంతా కొనాల్సిందే. మాది బోల్టుల టబ్బు. అది అదృష్టమో కాదో అప్పుడే చెప్పలేకపోయాను.

టబ్బు బయటికి తీయాలంటే దానికి బిగించిన సిమెంటు దిమ్మలు విప్పాలి. ముందొకటి, పైనొకటి. వాటిని చూడగానే ఆయన మొహం ఎర్రబడింది.

"చూశావా, తూకం కోసం లోపల సిమెంటు పోసి అమ్ముతున్నాడు!"

ముందు దిమ్మను మాత్రం, అది లేకపోతే తలుపు చుట్టూ బోసిగా ఉందని తిరిగి బిగించారు. పైది వంటింట్లోకి వెళ్లిపోయింది. అత్తయ్యగారు దానిమీద కొత్తావకాయ జాడీ పెట్టుకున్నారు. కొలిచి చేయించినట్టే సరిపోయింది.

మెషీన్ ఉతకడం బుద్ధిగానే ఉతికింది. మూలుగు కూడా లేదు. పిండడం మొదలై వేగం అందుకోగానే ధడేల్ ధడేల్‌మంటూ గోడను గుద్దుకుని, పైపు అందినంత దూరం నడిచొచ్చి ఆగింది. కింద ఫ్లాటావిడ పైకొచ్చి, బోరు వేయిస్తున్నారా అని అడిగింది. రెండో అంతస్తులో బోరేమిటండీ!

"కొత్త బేరింగులు. కాస్త రన్నింగ్ పడితే సర్దుకుంటాయి" అన్నారు మామయ్యగారు. కాళ్ల కింద అట్టముక్కలు పెట్టారు. నేల మట్టంగా లేదన్నారు. మా ఆయన జీన్స్ ప్యాంట్ల మీద కూడా కొంత నేరం మోపారు.

ఇంటర్ ఎంపీసీ చదివే మా అమ్మాయి నోటుబుక్కు తెచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"తాతయ్యా, నిమిషానికి 1200 చుట్లు. డ్రమ్ము అర మీటరు వెడల్పనుకో. తడిబట్టలు అర కిలో ఒక పక్కకి పోగయ్యాయంటే టబ్బును దగ్గర దగ్గర 200 కిలోల బరువు గుంజినట్టే. అదీ సెకనుకి 20 సార్లు, చుట్టూ అన్ని దిక్కులకీ. టబ్బేమో స్ప్రింగులకి వేలాడుతోందాయె. అది ఎగిరిపోకుండా అణిచిపెట్టేది ఆ దిమ్మలే."

ఆయన ఆ లెక్కను రెండుసార్లు పైనుంచి కిందికి చూశారు. తప్పు దొరకలేదు.

"మరి ఆ ముక్క వాడు దిమ్మ మీద రాసి చావొచ్చుగా!"

ఇప్పుడు దిమ్మ కావాలి. అత్తయ్యగారు ససేమిరా అన్నారు. "మూడోనాడు తిరగ కలిపేదాకా జాడీ కదిపేది లేదు. మీ మెషీన్ ఆగుతుంది, ఊరగాయ ఆగదు." ఆ మాటకు ఇంట్లో ఎదురు చెప్పగల మనిషి లేడు. అన్నాళ్లూ మేడమీద జీన్స్ ప్యాంట్లు బాదింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

జాడీ దిగింది. దిమ్మ నడిమధ్యన గుండ్రంగా నూనె మరక, ఓ చివర ఆవపిండి. సబ్బు పెట్టి రుద్దినా ఆవ ఘాటు పోలేదు. మామయ్యగారు రింగు స్పానరుతో బోల్టులు ఊపిరి బిగబట్టి మరీ బిగించారు. దుప్పటి వేసి నడిపాం. వేగం అందుకున్నా మెషీన్ ఉన్నచోటే ఉంది, సన్నగా జుమ్మంటోందంతే.

మా అమ్మాయి గర్వంగా తాతయ్య వంక చూసింది. ఆయన స్పానరు తుడుచుకుంటూ తల పంకించారు.

"నూనె పట్టింది కదమ్మా, అందుకే ఇంత మెత్తగా తిరుగుతోంది."