జీతానికి సజీవులు, పన్నుకు మృతులు

మతవిశ్వాసం ఒప్పుకోదు గనుక పన్ను కట్టబోమనే వాదానికి లోకంలో కొంత గౌరవం ఉంది. క్వేకర్లు అనే శాంతివాద క్రైస్తవులు యుద్ధానికి ఖర్చయ్యే పన్నును నిరాకరించి, అందుకు బదులుగా ఇంటి సామాను జప్తు చేయించుకున్నారు, జైళ్లకూ వెళ్లారు. భారతదేశానికి వచ్చేసరికి ఆ మనస్సాక్షికి జప్తు భాగం సరిపడలేదు, మినహాయింపు భాగం మాత్రం చక్కగా వంటబట్టింది.

తమిళనాడు, కేరళలలోని ఎయిడెడ్ పాఠశాలల్లో, అంటే ప్రభుత్వం జీతాలిచ్చే ప్రైవేటు బడుల్లో, బోధించే క్యాథలిక్ సన్యాసినులూ ఫాదర్లూ 1944 నాటి ఒక సర్క్యులర్‌ను పట్టుకొని, తమ జీతంలో టీడీఎస్, అనగా చేతికి అందకముందే మినహాయించే ఆదాయపు పన్ను, కోయరాదని వాదించారు. దారిద్ర్యవ్రతం పట్టి ఆస్తిని త్యజించినవారు చర్చి చట్టం ప్రకారం లౌకికంగా మరణించినట్లేనన్నది ఆ వాదానికి ఆయువుపట్టు. హాజరుపట్టీలో సంతకానికి, నెలాఖరు జీతానికి అడ్డురాని మరణం పన్ను లెక్క దగ్గర మాత్రమే సంభవించడం చిత్రగుప్తుడి చిట్టాకు కూడా కొత్త పద్దే. వచ్చిన జీతాన్ని మఠానికి ధారపోయడం ఖర్చు చేసే పద్ధతి మాత్రమే గనుక పన్ను తప్పదన్న తీర్పు నిలిచి, 2024 నవంబర్ 7న సుప్రీంకోర్టు 93 అప్పీళ్లను కొట్టివేసింది. ముందుగదిలో విగ్రహం నిలిపి ఇంటికి ఆశ్రమమని బోర్డు తగిలించేవారూ ఉన్నారు గనుక ఈ తెలివి ఏ ఒక్క మతానికీ సొత్తు కాదు.

పన్ను దగ్గర మూసుకునే చెయ్యి దానం దగ్గర తెరుచుకోవడం పాత అలవాటే. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతుపేటికల మీద గోష్ఠి (సంఘం), నిగమ (వర్తకుల కూటమి) సభ్యుల పేర్లు చెక్కి ఉన్నాయి. గుడి పంకా రెక్కల మీద దాత పేరు రాయించే ఆచారానికి ఇంతకన్నా పాత సాక్ష్యం డెల్టాలో దొరకడం కష్టం. దానానికి పేరుంది, పన్నుకు లేదు. భక్తుడి మనస్సాక్షి రెండో చోటనే ఎందుకు గాయపడుతుందో దీనివల్ల కొంత తెలుస్తుంది. ఆ స్తూపపు చలువరాళ్లే 19వ శతాబ్దంలో వెల్లటూరు కాలువ తూముకు తరలి, పేరులేని ప్రజాపనికి ఒదిగాయి. మతం పేరిట పన్ను మినహాయింపు విషయానికొస్తే, అంతటి ధర్మాశోకుడు సైతం బుద్ధుడు పుట్టిన లుంబినికి ‘బలి’ అనే సుంకాన్ని తీసివేసి, పంటలో రాజభాగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించాడే తప్ప పూర్తిగా మాఫీ చేయలేదని పండితులు అక్కడి ఆయన శాసనాన్ని చదువుతున్నారు.

భట్టిప్రోలుతోపాటు ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉన్న చీరాల-పేరాల ప్రజలు 1921లో మునిసిపల్ పన్నులు నిరాకరించినప్పుడు, రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని కూర్చిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట సుమారు 13 వేల మంది ఊరు విడిచి, పొలిమేర అవతల రామనగర్ పేరిట పాకలు వేసుకొని 11 నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. పేరులో రాముడున్నా వారు దేవుణ్ణి అడ్డుపెట్టలేదు. పన్నుతోపాటు ఊరినీ వదులుకున్నారు. నేటి ధార్మిక మినహాయింపుదారుడైతే రామనగర్‌కు ముందుగా మునిసిపల్ కుళాయి వేయించాలని అర్జీ పెట్టి, దానికి అతికించాల్సిన కోర్టు ఫీజు స్టాంపు తన మతానికి విరుద్ధమని అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉండేవాడు.