గోడెక్కిన టార్గెట్టు

అమలాపురం గడియార స్తంభం సెంటరుకి కూతవేటు దూరంలో ఒక బీమా ఆఫీసుంది. పేరు చెప్పను. చెబితే మా బావమరిది ఉద్యోగం పోతుంది, పోతే వాడు మా ఇంటికొచ్చి కూర్చుంటాడు.

మొన్న వెళితే, వినాయకుడి పటం మూలకి జరిగింది. ఆ గోడకి మంచమంత టీవీ వెలిసింది. అందులో పదకొండు మంది ఫొటోలు, ఫొటో పక్కన అంకె, అంకె పక్కన రంగు. పైనున్నవాడికి కిరీటం, అడుగునున్నవాడికి తాబేలు. తాబేలు మావాడే. పాలసీ అమ్మినప్పుడల్లా మోగించడానికి ఇత్తడి గంట కూడా కట్టారు. గుళ్ళో గంట కొడితే దేవుడికి వినబడుతుంది, ఇక్కడ కొడితే హైదరాబాదుకి వినబడుతుందట.

"దీంతో మోటివేషన్ వస్తదండి" అన్నారు మేనేజరుగారు.

"ఎవరికండీ?"

"ఆయ్, అందరికీనండి."

ఆ అందరిలో ఆయన లేరు. ఎంత వెతికినా ఆయన ఫొటో కనబళ్ళేదు. ఆ మాటకొస్తే మన ముఖ్యమంత్రిగారే నయం. 2025 ఫిబ్రవరిలో ఫైళ్ళు ఎవరెంత త్వరగా చూశారో మంత్రులకి ర్యాంకులిస్తూ తనకీ ఒకటిచ్చుకున్నారు: ఆరు. లోకేశ్‌కి ఎనిమిది, పవన్ కల్యాణ్‌కి పది. త్వరగా కదిలిన ఫైల్లో ఏం రాశారన్నది మాత్రం ర్యాంకుకి తెలీదు, పాపం.

ఈ విద్య కొత్తదేం కాదు. రెండొందల ఏళ్ళ కిందట స్కాట్లాండులోని న్యూ లానార్క్ నూలుమిల్లులో రాబర్ట్ ఓవెన్ అనే ఆయన ఒక్కో పనివాడి దగ్గరా ఒక చెక్కముక్క వేలాడగట్టించాడు. నాలుగు పక్కలా నాలుగు రంగులు. నలుపు తిరిగి ఉంటే నిన్నటి పని చెడ్డది, నీలమైతే అంతంతమాత్రం, పసుపైతే బాగు, తెలుపైతే భేష్. మూగ పర్యవేక్షకుడని దానికి పేరు. ఓవెన్ దాన్ని పెట్టింది కొట్టడం మాన్పించడానికి. రంగు తప్పనిపిస్తే పనివాడు నేరుగా ఆయనతోనే మొర పెట్టుకోవచ్చు కూడా. మన ఆఫీసులో తిట్లు తిట్లలాగే ఉన్నాయి, పైన రంగులు పూశారంతే.

ఇంకో చిక్కుంది. నూలు వడికేవాడి చేతిలో ఉంటుంది. పాలసీ కొనేవాడి చేతిలో ఉంటుంది. ఆ చేతిలో డబ్బాడాలంటే అంబాజీపేటలో కొబ్బరికాయ ధర నిలబడాలి. ధర పడిన నెల పదకొండు మందీ తాబేళ్ళే, లేచిన నెల అందరికీ కిరీటాలే. కాయ ధర మాత్రం ఆ టీవీలో రాదు. వస్తే మేనేజరుగారు ఎవర్ని తిట్టాలి?

మరి తాబేలు ఏం చేసింది? మార్చి 31 సాయంత్రం మా అత్తగారి పేర ఒకటి, కొత్తపేట పెదనాన్నగారి పేర ఒకటి, నా పేర ఒకటి రాసేసింది. మొదటి ప్రీమియాలు తన జేబులోంచే కట్టుకుంది. గంట మూడుసార్లు మోగింది, కిరీటమొచ్చింది. ఆ కాగితం మీద నా సంతకం నాకంటే బాగా కుదిరింది. రెండో ప్రీమియానికి గంట లేదు కాబట్టి దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

మావాడు చిన్నవాడు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకువాళ్ళు ఇదే పని ఘనంగా చేశారు. టార్గెట్ల వేడికి తట్టుకోలేక ఖాతాదారుకి చెప్పకుండానే లక్షల ఖాతాలు తెరిచేశారు. 2016లో బయటపడితే 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, 5,300 మంది దాకా ఉద్యోగాలు ఊడాయి.

నాకు బోర్డులంటే పగేం లేదండోయ్. గోదారి పొంగితే ధవళేశ్వరం అంకె కోసం కోనసీమంతా చెవులు రిక్కిస్తుంది. 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె చెవిన పడగానే లంకల్లో గొడ్లని విప్పి ఏటిగట్టెక్కిస్తారు, ధాన్యం బస్తాలు అటకెక్కిస్తారు. అంకె వింటే ఏం చెయ్యాలో ముసలమ్మకి కూడా తెలుసు. తాబేలు బొమ్మ చూసి ఏం చెయ్యాలో మావాడికి ఇప్పటికీ తెలీదు. అన్నట్టు, నిరుటికన్నా పదిశాతం ఎక్కువ పొంగాలని గోదారికి టార్గెట్టు పెట్టినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

పోయిన వారం మళ్ళీ అటెళ్ళాను. కరెంటు లేదు. టీవీ మొత్తం నలుపు, ఓవెన్ లెక్కలో అది ఏ మార్కో మీకు తెలుసు. దాని కింద కూచుని మా బావమరిది రాజోలు నుంచొచ్చిన ఒక పెద్దాయన క్లెయిము కాగితాలు ముందేసుకుని, ఏది ఎక్కడ అతికించాలో ఓపిగ్గా చూపిస్తున్నాడు. దానికి మార్కుల్లేవు, గంటా లేదు.

మేనేజరుగారు గుమ్మంలో నిలబడి ఇన్వర్టరువాడికి ఫోన్ చేస్తున్నారు. అర్జంటటండి.