నాయకురాలి నడక

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలకు ‘ప్రపంచ ఆరోగ్య నాయకుల’ అవార్డు ఇచ్చింది. సర్కారు కాగితాల్లో మాత్రం ఆ నాయకురాలు ఉత్త వాలంటీరే. నాయకులకు జీతమెందుకని కాబోలు, గౌరవ వేతనంతో సరిపెట్టారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని 10,000 రూపాయలు చేశారు. కరోనాలో ఇల్లిల్లూ తిరిగిన కాళ్లకు ఆ తర్వాతా విశ్రాంతి లేదు. పైగా యాప్‌లు తోడయ్యాయి. ఆత్మకూరు దాటి నల్లమల గూడేలకు పోతే సిగ్నల్ అందదు, సర్వే మాత్రం ఆ పూటే ఎక్కాలంటారు. 2020 మార్చి 22న వైద్య సిబ్బంది కోసం దేశమంతా కొట్టిన చప్పట్లేవో ఈ అడవి దారిలో కొట్టి ఉంటే బాగుండేది. కనీసం ఎలుగుబంటైనా బెదిరి పక్కకు తప్పుకునేది!