20 డిగ్రీల స్నేహం

కలం స్నేహాలు పొగడ్తల మీద నిలుస్తాయనుకునేవాళ్లు ఫొటో పిచ్చివాళ్ల ఉత్తరాలు ఎప్పుడూ చదివి ఉండరు. పొగడ్త రెండో ఉత్తరానికే అయిపోతుంది. ఫిర్యాదుకి అంతుండదు. డెబ్బైల్లో రాజమండ్రి నుంచి నేనూ, ఫిన్లండ్‌కి ఉత్తరాన కొట్టకొసన ఉన్న ఉత్స్‌యోకి నుంచి మరో మహానుభావుడూ ఏళ్ల తరబడి రాసుకున్నామంటే, ఆ ఘనత మా కళది కాదు, మా కష్టాలది.

మొదటి కష్టం నీళ్లతో. ఫిల్ము మీద బొమ్మ తేల్చే డి-76 అనే డెవలపర్‌ని కోడక్ వాళ్లు 1927లో తెచ్చారు. దాన్ని 20 డిగ్రీల దగ్గర వాడమని పుస్తకాలన్నీ ఘోషిస్తాయి. మే నెలలో మా ఊళ్లో 20 డిగ్రీలున్న వస్తువంటూ ఉంటే అది సోడాకొట్టు ఐసుపెట్టెలోనే ఉండాలి. మేడమీది ట్యాంకు నీళ్లతో కడిగితే ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బి, ముడతలు పడి, నవయువకుడైన మా మేనమామ ముసలాడైపోయేవాడు. అందుకని ఐసు ముక్కలు తెచ్చి ట్రే చుట్టూ పేర్చుకునేవాణ్ని. ఈ బాధంతా వెళ్లబోసుకుంటే జవాబొచ్చింది: "అదృష్టవంతుడివి. నేను డెవలపర్ సీసాని పొయ్యి పక్కన పెట్టి కాచుకుంటున్నాను."

రెండోది వెలుతురు. ఉత్స్‌యోకిలో నవంబరు చివర్న గుంకిన సూర్యుడు జనవరి నడిమికి గానీ మళ్లీ మొహం చూపించడు. మా వాడి జెనిట్ కెమెరాకి సెలీనియం మీటరు ఉండేది. వెలుతురు తగిలితేనే దాని ముల్లు కదులుతుంది. డిసెంబరంతా ముల్లు ముసుగుతన్ని పడుకుందని వాపోయేవాడు. నా ఆగ్ఫా క్లిక్-3కి ఆ బాధ లేదు, అసలు మీటరే లేదు. ఎండ గుర్తు, మబ్బు గుర్తు ఉండేవి. మా ఎండకి ఆ ఎండ గుర్తు కూడా చాలేది కాదు.

పోనీ చీకటైనా సమానంగా పంచారా అంటే అదీ లేదు. మే నడిమి నుంచి జులై చివరిదాకా వాళ్లకి సూర్యాస్తమయమే ఉండదు. ప్రింట్లు వేసుకోవాలంటే అర్ధరాత్రి పూట కిటికీలకి దుప్పట్లు కట్టుకోవాలి. మాకు వేసవిలో చీకటికి కొరత లేదు, పొద్దుగూకితే కరెంటు పోయేది. ఊరు ఊరంతా డార్క్‌రూమే, ఎన్లార్జరు దీపం ఒక్కటే వెలగదు. స్నానాలగదిలో తలుపేసుకుని కరెంటు కోసం కూర్చుంటే బయట్నుంచి మా బామ్మ, "ఒరే, బొమ్మలు కడుగుతున్నావో నిద్రపోయావో గానీ, ఆ చెంబైనా ఇటు ఇయ్యరా!" అని కేకలు.

మూడోది టపా. ఏరోగ్రామ్ చవక, కానీ లోపల ఏమీ పెట్టకూడదు. అంటే ఫొటో గురించి ఎంతైనా రాయొచ్చు, ఫొటో మాత్రం పంపకూడదు. ఫొటో వేరే కవర్లో ఓడెక్కి నెలలకి చేరేది. ఈలోగా దాని వర్ణన విమానంలో వెళ్లిపోయేది. 1900 నాటి మా హేవలాక్ వంతెన మీద సూర్యోదయం గురించి రాస్తే చదివి మురిసిపోయాడు. తరవాత ఫొటో అందింది. "ఉత్తరం ఎక్స్‌పోజరు బాగా కుదిరింది" అని మాత్రం రాశాడు.

జవాబు ఖర్చు నాకెందుకని ఒకసారి అంతర్జాతీయ జవాబు కూపన్ పంపాడు. 1906లో రోమ్‌లో జరిగిన తపాలా మహాసభ కనిపెట్టిన ఉపాయం అది. చూపిస్తే స్టాంపులివ్వాలి. మా పోస్టాఫీసు కౌంటర్లో ఆయన దాన్ని తిరగేసి, బోర్లేసి, "ఇదేటండీ బాబూ, లాటరీ టిక్కెట్టా?" అన్నారు. ఆయన పెద్దాయన్ని పిలిచారు. పెద్దాయన రూల్సు పుస్తకం పిలిపించారు. స్టాంపులు చేతికొచ్చేసరికి చెప్పాలనుకున్న కబుర్లన్నీ మరిచిపోయి, ఉత్తరం నిండా ఈ కథే రాసేశాను. అతనికి అంతకన్నా నచ్చిన ఉత్తరం లేదు.

ఇక కోరికలు. నేను రెయిన్‌డీర్లని అడిగితే బస్సు ఫొటో పంపాడు. రెయిన్‌డీర్లు వాళ్లకి మన గేదెల్లాంటివట. రోడ్డుకి అడ్డం నిలబడితే హారన్ కొడతారు గానీ కెమెరా ఎవరు తీస్తారు? నేను వంతెన పంపితే అతనడిగింది గేదెల్ని. చివరికి నేను గోదావరి గట్టున గేదెల వెంటా, అతను మంచులో రెయిన్‌డీర్ల వెంటా పరిగెత్తాం. చూసిన రెండూళ్ల జనం మా గురించి ఒకటే మాట అనుకుని ఉంటారు.

ఇంత గట్టి స్నేహానికీ ఒకసారి గండం వచ్చింది. డిసెంబరు చలి, ఐసు అక్కర్లేదు, కరెంటు పోలేదు. రేవులో పడవ, పొగమంచు, ఎక్కడా గీత లేకుండా ఒక ప్రింటు కుదిరిపోయింది. "చాలా బాగుంది. అభినందనలు" అని జవాబు. అంతే! కాగితం వెనక్కి తిప్పి చూశాను, ఖాళీ. గుండెల్లో రాయి పడింది. ఆలస్యం చెయ్యకుండా మసకబారిన గేదెనొకదాన్ని పంపించాను. అది ఎందుకు మసకబారిందో, కెమెరా ఎలా పట్టుకోవాలో, చలికి తన షట్టరు ఎలా బిగుసుకుపోయిందో పేజీలకి పేజీలు వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది.

ఇకమీదట స్నేహధర్మం కోసం మంచి ఫొటోలు తియ్యడం మానేస్తున్నానని మా ఆవిడతో అన్నాను.

"దానికి మీరు ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు లెండి" అంది.