వీపు చూసి పేరు పెట్టండి

అక్కుపల్లి ఒడ్డుకు ఎదురుగా, బంగాళాఖాతం అడుగు బురదలో కూరుకుపోయిన ఖాళీ పెంకుని నేను. మిల్లీమీటరులో 25వ వంతు ఉంటాను. రెండు కొరడాలతో ఈదే ఒంటికణపు డైనోఫ్లాజెల్లేట్ ఒకటి గడ్డుకాలం గట్టెక్కడానికి నన్ను కట్టుకుని లోపల నిద్రపోయింది. మంచిరోజులు రాగానే నా వీపున ఒక పలక తోసుకుని వెళ్లిపోయింది. పలాసలో జీడిపిక్క కోశాక పప్పు ఒక దారి, తొక్క ఒక దారి. నేను తొక్కని. నా పేరు స్పినిఫెరైటిస్ రామోసస్. తొక్కకు పేరుండటం న్యాయమే. అయితే ఆ పేరు ముళ్ల పొడవు చూసి పెట్టకూడదన్నదే నా పేచీ.

ముళ్లను నమ్మి పెద్దవాళ్లే బోల్తాపడ్డారు. 1830లలో జర్మనీలో ఎరెన్‌బర్గ్ చెకుముకి రాతి పెచ్చుల్లో నా పూర్వీకులను చూసి, ముళ్లున్నాయి కదా అని మంచినీటి పాచి జీవుల్లో కలిపేశాడు. ఆ తర్వాత దొరికిన ముళ్ల బంతులన్నీ హిస్ట్రికోస్ఫియర్లు అనే ఒకే గంపలో చేరాయి. 1961లో విలియం ఎవిట్ అనే శాస్త్రవేత్త వేరే ప్రశ్న వేశాడు: ముల్లు ఎక్కడ మొలిచింది? నా ముల్లు కొస మూడుగా చీలి ఉంటుంది. ఎందుకంటే అది మొలిచిన మూలలో జీవి కవచపు పలకలు మూడు కలుస్తాయి. వీపున, నడుము గాడికి కాస్త పైన ఉన్న కంత సరిగ్గా ఒక పలకంతే ఉంటుంది. పగులు అయితే అంత కొలతగా రాదు; అది తలుపు. పొడవు మాటకొస్తే, నా బంధువు లింగులోడినియం ముళ్లు నీటి ఉప్పదనం తగ్గితే పొట్టిబడతాయి. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార కడలిలో కలిసే ఈ తీరంలో ముల్లు కొలిచి జాతులు కడితే ఏటికొక జాతి పుట్టుకొస్తుంది. జీడిపప్పులో గుండు, బద్ద అన్నవి బజారు రకాలే గాని చెట్టు రకాలు కావు కదా!

తలుపొక్కటీ చాలదంటారు. నిజమే, స్పినిఫెరైటిస్ జాతులన్నిటికీ అదే తలుపు. అందుకే ముందు తలుపుతో, పలకలతో ప్రజాతి తేల్చి, ఆ తర్వాత ఒకటి కాదు, పదుల పెంకులు కొలిచి ముళ్ల సంగతి చూడాలంటాను. బతికున్న జీవికి గోనియాలాక్స్ అని పేరుండగా పెంకుకు ఇంకో పేరెందుకన్నది ఇంకో అభ్యంతరం. 1960లలో వాల్, డేల్ అనే శాస్త్రవేత్తలు లోపల జీవి ఇంకా బతికున్న పెంకులను పొదిగించి చూస్తే, ఒకే జాతి అనుకున్న గోనియాలాక్స్ స్పినిఫెరా వెనక రకరకాల పెంకులు తేలాయి. పోనీ పొదిగిద్దామంటే, కోట్ల ఏళ్ల నాటి పెంకులో పొదగడానికేముంది? కృష్ణా-గోదావరి బేసిన్ చమురు బావుల్లో ఓఎన్‌జీసీ వాళ్లు రాతి వయసు తేల్చుకోవడానికి అక్కరకొచ్చింది పెంకులే. వాటి బొమ్మలతో అట్లాసే వేశారు. నామకరణ నియమాలు కూడా ఈ రెండు పేర్లనూ ఒప్పుకున్నాయి.

కొత్త జాతి ప్రకటించాలంటే వర్ణన, బొమ్మ, గాజుపలక మీద భద్రపరిచిన నమూనా ఉండాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చుట్టూ ఉన్న ఇసుకను కరిగించేస్తుంది, నన్ను ముట్టదు. కాబట్టి ధైర్యంగా కడగండి. ఫొటో తీసేటప్పుడు మాత్రం నా వీపు పైకి తిప్పండి.